రైఫిల్, పిస్టల్ పోల్చి చూడటం ఎలా: ఒక ఇన్‌ఫాంట్రీ హవల్దారు పద్ధతి

మా మిలిటరీ మాధవరంలో ఏ వీధికెళ్లినా ఫౌజులో పనిచేసినవాళ్లు కనిపిస్తారు. ఆర్మీ ర్యాలీకి తయారయ్యే కుర్రాళ్లు రన్నింగ్ అయ్యాక నా దగ్గర కూర్చుని ఎప్పుడూ ఒకటే అడుగుతారు: "బాబాయ్, ఏకే గొప్పదా, ఇన్సాస్ గొప్పదా?" ఏకే రష్యా డిజైన్ రైఫిల్, ఇన్సాస్ మన దేశపు రైఫిల్. ఈమధ్య ఆ ప్రశ్నలోకి అమెరికా కంపెనీ రైఫిల్ సిగ్ కూడా వచ్చి చేరింది. నేను ఇన్‌ఫాంట్రీలో హవల్దారుగా రిటైరయ్యాను. సర్వీసులో చాలా భాగం జవాన్లకు ఆయుధాలు నేర్పడంలోనే గడిచింది. ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పమంటే చెప్పను. ఎలా పోల్చాలో చెప్తాను, జవాబు మీరే తేల్చుకోగలరు. ఆర్మీ ఆఫీసర్లని ఎంపిక చేసే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లకి ఇది పనికొస్తుంది. మన సైన్యం కొత్త రైఫిల్ కొన్నదని పేపర్లో చదివి, ఎందుకు కొన్నదో అర్థం చేసుకోవాలనుకునేవాళ్లకీ పనికొస్తుంది.

యూట్యూబ్ వీడియోల్లో పోలిక ఎక్కువగా "నిమిషానికి ఎన్ని తూటాలు" అనే అంకెతో మొదలవుతుంది. అది ఆఖర్న చూడాల్సిన అంకె. మేం నేర్చుకున్న వరుస వేరు: ముందు పని, తర్వాత తూటా, ఆ తర్వాతే తుపాకీ.

ముందు పని రాసుకోండి

నోటుబుక్కులో ఒక పేజీ తీయండి. తుపాకీ పేరు రాయకముందే మూడు సంగతులు రాయండి. దీన్ని మోసేది ఎవరు? ఎంత దూరంలో ఉన్న శత్రువుతో అతనికి పని? ఏ నేల మీద, ఏ వాతావరణంలో? ఇవి తెలియకుండా రెండు తుపాకుల్లో ఏది మంచిదని అడగడం నాగలి మంచిదా, కొడవలి మంచిదా అని అడిగినట్టే.

1962 సంగతి తీసుకుందాం. చైనా యుద్ధంలో మన జవాన్ల చేతిలో ఉన్నది .303 లీ ఎన్‌ఫీల్డ్. అది బోల్ట్ యాక్షన్ రైఫిల్. ఒక తూటా పేల్చాక బోల్టు పిడిని పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి దించితేనే రెండో తూటా సిద్ధమవుతుంది. మ్యాగజైన్‌లో పది తూటాలు. గురిలో దానికి వంక పెట్టడానికి లేదు, బ్రిటిష్ సైన్యం రెండు ప్రపంచ యుద్ధాలు దాంతోనే చేసింది. కానీ అవతల చైనా సైనికుల దగ్గర ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ దానంతటదే తర్వాతి తూటా ఎక్కించుకునే ఎస్‌కేఎస్ రకం కార్బైన్లు (పొట్టి రైఫిళ్లు), సబ్ మెషీన్ గన్లు ఉన్నాయి. దగ్గరి నుంచి అలలు అలలుగా వచ్చిపడే దాడిని ఆపే పనికి .303 సరిపోలేదు. ఆ తర్వాతే ఇషాపూర్ ఫ్యాక్టరీ నుంచి 7.62 ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) మన జవాన్ల చేతికి వచ్చింది. అంతమాత్రాన .303 మూలన పడలేదు. పోలీసు కాపలా డ్యూటీల్లో ఇంకా దశాబ్దాలు నడిచింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు చెప్పింది 2020 రిపబ్లిక్ డే నాడు. రైఫిల్ అదే, పని వేరు.

ఇప్పటి ఉదాహరణ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 2019 ఫిబ్రవరిలో మన ప్రభుత్వం 72,400 సిగ్ 716 రైఫిళ్లకు ఆర్డర్ ఇచ్చింది, 2024లో మరో 73,000కి. అదే కాలంలో అమేథీ జిల్లా కోర్వాలో ఏకే-203 తయారీకి రష్యాతో కలిసి కంపెనీ పెట్టింది, 6 లక్షలకు పైగా రైఫిళ్లు చేయాలని ఒప్పందం. ఒకే సైన్యం, ఒకే సమయం, రెండు రైఫిళ్లు. ఏది గొప్పదో తేల్చుకోలేక రెండూ కొన్నారని అనుకోకండి. ఎల్‌ఓసీ మీద ఒక గట్టు నుంచి ఎదురు గట్టుకి చూస్తే అవతలి మనిషి 400, 500 మీటర్ల దూరంలో ఉంటాడు. ఊళ్లో ఇళ్లు సోదా చేసేటప్పుడు, దట్టమైన అడవిలో నడిచేటప్పుడు, మెరుపుదాడి జరిగేది 100 మీటర్ల లోపే. కొన్నిసార్లు గది ఇవతల మీరు, అవతల వాడు. ఈ రెండు పనులకీ ఒకే రైఫిల్ చాలునని ఎవరైనా అంటే, ఆ మనిషి ఏదో ఒక చోటే పనిచేసి ఉండాలి.

స్నైపర్ రైఫిల్‌ని ఈ పేజీలోకి తేకండి. డ్రాగునోవ్ లాంటిది 800 మీటర్ల దాకా ఏరి కొట్టడానికి, స్కోప్‌తో, ప్రత్యేకంగా ట్రైనింగ్ అయిన ఒక్కడి కోసం చేసింది. దాన్ని సెక్షన్‌లో (పదిమంది జవాన్ల జట్టులో) అందరూ మోసే రైఫిల్‌తో పోల్చి మార్కులు వేయడం దండగ.

తూటాలోనే ముప్పాతిక జవాబు ఉంది

పని రాశాక తూటా చూడండి. మన జవాన్ల రైఫిళ్లు, పిస్టళ్లు, కార్బైన్ల కోసం నాలుగు రకాలు తెలిస్తే చాలు: పిస్టల్‌కీ కార్బైన్‌కీ వాడే 9×19, ఇన్సాస్‌కి 5.56×45, ఏకేలకి 7.62×39, ఎస్‌ఎల్‌ఆర్‌కీ సిగ్‌కీ 7.62×51. మొదటి అంకె బుల్లెట్ లావుని చెప్తుంది, రెండోది వెనక ఇత్తడి కేసు పొడవుని, రెండూ మిల్లీమీటర్లలోనే. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. "7.62" అని రెండింటి మీదా ఉంది కాబట్టి ఏకే తూటా, ఎస్‌ఎల్‌ఆర్ తూటా ఒకటే అనుకుంటారు. కేసు 12 మిల్లీమీటర్లు పొడవైతే లోపల పట్టే తుపాకీ మందు చాలా ఎక్కువ. ఒకదాని తూటా ఇంకోదానికి పనికిరాదు.

తూటా శక్తిని మీరే లెక్క వేసుకోవచ్చు, పదో తరగతి ఫిజిక్స్ చాలు. బుల్లెట్ బరువుని కిలోల్లోకి మార్చి సగం చేయండి, దాన్ని వేగం వర్గంతో గుణించండి. 9 ఎంఎం బుల్లెట్ ఏడున్నర గ్రాములు, సెకనుకు 380 మీటర్ల దగ్గర పోతుంది: సుమారు 540 జౌళ్లు. 5.56 బుల్లెట్ 4 గ్రాములే, కానీ 900 మీటర్లు దాటిన వేగం: 1,700 దగ్గర. ఏకే బుల్లెట్ దాదాపు 8 గ్రాములు, వేగం 715: సుమారు 2,000. 7.62×51 బుల్లెట్ తొమ్మిదిన్నర గ్రాములు, 840 మీటర్ల దగ్గర: 3,300 పైచిలుకు. పిస్టల్‌కీ రైఫిల్‌కీ మధ్య ఎంత అగాధం ఉందో ఈ ఒక్క లెక్కలోనే కనిపిస్తుంది.

శక్తి ఒక్కటే చూసి ఆగిపోకండి. వేగం ఎక్కువైతే తూటా దారి తిన్నగా ఉంటుంది, దూరం అంచనా కాస్త తప్పినా గురి పెద్దగా తప్పదు. 5.56కి ఉన్న పెద్ద సుగుణం అది. ఏకే తూటా నెమ్మది, 300 మీటర్లు దాటాక గబగబా కిందికి దిగుతుంది. అందుకే 500 మీటర్ల గట్టు పనికి ఏకే-203 అంతగా సరిపోదు. 7.62×51 ఆ దూరంలో కూడా పట్టు వదలదు, ఇసుక బస్తా, చెట్టు మొద్దు లాంటి అడ్డాల మీద దాని ప్రతాపం వేరే.

మరైతే అందరికీ పెద్ద తూటాయే ఇవ్వొచ్చు కదా? ఇక్కడ త్రాసు తీయాలి. కేసు, మందు అన్నీ కలిపి ఒక 5.56 తూటా 12 గ్రాములు, ఏకే తూటా 16 గ్రాముల పైన, 7.62×51 తూటా 24 గ్రాములు. 150 తూటాలు మోయాలంటే మొదటిది 1.8 కిలోలు, రెండోది రెండున్నర, మూడోది 3.6 కిలోలు. ఇందులో మ్యాగజైన్ల బరువు కలపలేదు. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్, హెల్మెట్, నీళ్ల బాటిల్, గ్రెనేడ్లు, రేడియో సెట్టు బ్యాటరీలు, వాటి పైన ఇది. 14 వేల అడుగుల ఎత్తులో పది అడుగులకోసారి ఆగి ఊపిరి పీల్చుకునే మనిషికి ఈ రెండు కిలోల తేడా ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఇంకోటి, పెద్ద తూటా భుజానికి కొట్టే దెబ్బ పెద్దది. రెండో తూటాకి రైఫిల్ మళ్లీ గురి మీదికి రావడం ఆలస్యమవుతుంది. మన ఎస్‌ఎల్‌ఆర్‌కి ఆటోమేటిక్ పెట్టకపోవడం ఊరికే కాదు. ఇన్సాస్‌లో మూడేసి తూటాల బరస్ట్ పెట్టగలిగింది తూటా చిన్నది కాబట్టే.

ఒక మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి. "5.56 చంపడానికి కాదు, గాయపరచడానికి చేశారు, ఒకడు పడితే మోయడానికి ఇంకో ఇద్దరు పోతారు" అని మన దేశంలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. కోచింగ్ నోట్సుల్లో కూడా చూశాను. ఇంటర్వ్యూలో అది చెప్పకండి. చిన్న తూటాకి మారింది బరువు తగ్గడానికి, ఎక్కువ తూటాలు మోయడానికి, రైఫిల్ అదుపులో ఉండటానికి. పై లెక్కలు చెప్పండి, ఎదుటి ఆఫీసర్ వింటాడు.

మూత తీసి లోపల చూడండి

తూటా తేలాక తుపాకీ దగ్గరికి రావాలి. ఈ కాలపు సైనిక రైఫిళ్లు దాదాపు అన్నీ గ్యాస్‌తో నడుస్తాయి. తూటా పేలినప్పుడు బ్యారెల్‌లోని వేడి గ్యాస్ కొంచెం ఒక రంధ్రంలోంచి బయటికొచ్చి బోల్టుని వెనక్కి నెడుతుంది, ఖాళీ కేసు బయటపడుతుంది, స్ప్రింగు బోల్టుని ముందుకు తోస్తూ కొత్త తూటా ఎక్కిస్తుంది. ఆ గ్యాస్ బోల్టుని ఎలా నెడుతుందన్న దాంట్లోనే డిజైన్లు విడిపోతాయి.

ఏకే పై మూత తీసి స్ప్రింగు లాగేస్తే బోల్ట్ క్యారియర్ (బోల్టుని మోసే ముక్క), దాని ముందు పొడవాటి పిస్టన్ ఒకే ముక్కగా చేతిలోకి వస్తాయి. అరచేతిలో పెట్టుకుంటే ఇనుప బరువు తెలుస్తుంది. పేలిన ప్రతిసారీ ఆ బరువంతా వెనక్కి పోయి ముందుకొస్తుంది. దీన్ని లాంగ్ స్ట్రోక్ పిస్టన్ అంటారు. లోపలి భాగాల మధ్య సందు కావాలనే కాస్త వదులుగా ఉంచారు, ఇసుక రేణువో, మసో, చిన్న మట్టి పెళ్లో పడినా ఆ బరువు దాన్ని తోసుకుని పోతుంది. ఏకే నమ్మకానికి కారణం అదే. దానికి మూల్యం కూడా అక్కడే ఉంది: అంత బరువు ముందుకీ వెనక్కీ ఊగుతుంటే మజల్ (బ్యారెల్ మూతి) కుదురుగా ఉండదు. మామూలు ఏకే రకం రైఫిల్ 100 మీటర్ల దగ్గర తూటాలని 10 సెంటీమీటర్ల వలయంలో వేస్తే, 300 దగ్గర ఆ వలయం 30 అవుతుంది. మనిషి ఛాతీ వెడల్పు చూసుకుంటే పనికొస్తుంది, అంతకుమించి ఆశించకూడదు.

ఇన్సాస్ లోపల కూడా లాంగ్ స్ట్రోక్ పిస్టనే, గుండ్రంగా తిరిగి తాళం పడే బోల్టే. మూల ఆలోచన ఏకేదే. దానికి ఎస్‌ఎల్‌ఆర్ కుటుంబం నుంచి గ్యాస్ రెగ్యులేటర్ వచ్చింది, మసి పట్టి రైఫిల్ మందగిస్తే గ్యాస్ ఎక్కువ వచ్చేలా తిప్పుకోవచ్చు, రైఫిల్ గ్రెనేడ్ వేసేటప్పుడు గ్యాస్‌ని పూర్తిగా మూసేయొచ్చు. మంచి వసతి, కానీ జవాను గుర్తుపెట్టుకోవాల్సిన పని ఒకటి పెరిగింది. పోలికలో ఇలాంటివి రెండు వైపులా రాయాలి. రేంజ్ నుంచి వచ్చిన సాయంత్రమే పిస్టన్ తలకాయకి పట్టిన నల్లటి మసిని చిందీ గుడ్డ, నూనె పెట్టి తుడిస్తే ఊడొస్తుంది. మర్నాటికి వదిలేస్తే గట్టిపడి గోకాల్సి వస్తుంది. కోత్‌లో (ఆయుధాలు దాచే గదిలో) ఆయుధం తిరిగి అప్పగించేటప్పుడు అక్కడి హవల్దారు మొదట వేలు పెట్టి చూసే చోటు కూడా అదే.

సిగ్ 716 బయటికి అమెరికా ఏఆర్ రకంలాగే (ఎం16 కుటుంబంలాగే) ఉంటుంది, దాని మూల డిజైన్‌లో షార్ట్ స్ట్రోక్ పిస్టన్ ఉంది. పిస్టన్ క్యారియర్‌ని ఒక దెబ్బ కొట్టి ఆగిపోతుంది, మిగతా దూరం క్యారియర్ తన ఊపుతో పోతుంది. కదిలే బరువు తక్కువ, మసి చాలావరకు ముందు వైపే ఉండిపోతుంది. ఎం16లో అసలు ఇలాంటి పిస్టన్ కడ్డీయే ఉండదు, గ్యాస్ సన్నటి గొట్టం గుండా నేరుగా బోల్ట్ క్యారియర్‌లోకి వస్తుంది. తేలిక, గురి బాగుంటుంది, కానీ మసి అంతా బోల్టు దగ్గరికే చేరుతుంది.

ఎం16 కథ ప్రతివాడూ తెలుసుకోవాలి, ఎందుకంటే పోలికలో మనం చేసే పెద్ద అన్యాయం అందులో ఉంది. వియత్నాంలో 1960ల నడుమ ఆ రైఫిల్ జామ్ అయి, అమెరికా సైనికులు జామైన రైఫిల్ పక్కనే చచ్చిపడి కనిపించారు. వాళ్ల పార్లమెంటు కమిటీ 1967లో విచారణ చేసింది. తేలిందేమిటి? తూటాలో వాడే మందు రకం మార్చారు, దాంతో మసి, వేగం రెండూ మారిపోయాయి. చాంబర్‌కి (తూటా కూర్చునే గూటికి) క్రోమ్ పూత వేయలేదు, తేమకి తుప్పు పట్టింది. శుభ్రం చేసే సామాను సరిగ్గా అందలేదు, ఇది పెద్దగా శుభ్రం చేయక్కర్లేదన్న మాట ప్రచారంలో పెట్టారు. ఇవి సరిచేశాక అదే రైఫిల్ నమ్మకమైనదిగా పేరు తెచ్చుకుంది, దాని వారసులు ఇప్పటికీ నడుస్తున్నాయి. కాబట్టి "ఫలానా రైఫిల్ జామ్ అవుతుంది" అని ఎవరన్నా చెప్తే మూడు ప్రశ్నలు వేయండి: ఏ సంవత్సరపు మోడల్? ఏ తూటాతో? ఎవరు శుభ్రం చేస్తున్నారు? ఇన్సాస్‌కీ ఇదే న్యాయం చేయాలి. 1999 కార్గిల్‌లో గడ్డకట్టే చలికి ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయని, రైఫిల్ మొరాయించిందని ఫిర్యాదులు వచ్చిన మాట నిజం. తర్వాత మార్పులు చేసిన మోడళ్లు వచ్చిన మాటా నిజం. మొదటి బ్యాచ్ లోపాన్ని ఆఖరి బ్యాచ్ నెత్తిన రుద్దకూడదు. అలాగని లోపమే లేదనడం కూడా జవాన్లకు ద్రోహం.

పొడవు, బరువు

అంకెల్లో రెండు పొడవులు ఉంటాయి, రెండూ రాయండి. బ్యారెల్ పొడవు తూటాకి వేగం ఇస్తుంది. మొత్తం పొడవు జవానుకి ఇబ్బంది ఇస్తుంది. ఎస్‌ఎల్‌ఆర్ మొత్తం పొడవు 1,143 మిల్లీమీటర్లు. దాన్ని పట్టుకుని మన సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో తయారయ్యే బీఎంపీ కవచ బండి వెనక తలుపులోంచి దూకడం ఊహించుకోండి. ఇన్సాస్ 960 మిల్లీమీటర్లు, బ్యారెల్ 464. మన స్పెషల్ ఫోర్సెస్ వాడే ఇజ్రాయెల్ టావోర్ బ్యారెల్ కూడా 460 దగ్గరే, మొత్తం పొడవు మాత్రం 720 దగ్గర. మ్యాగజైన్‌ని, బోల్టుని ట్రిగ్గర్ వెనక, బట్‌లోకి (భుజానికి ఆనే భాగంలోకి) జరిపేశారు. దీన్ని బుల్‌పప్ అంటారు. వేగం పోకుండా జానెడు పొడవు మిగిలింది. హెలికాప్టర్ నుంచి దిగేవాడికి, గదుల్లోకి చొరబడేవాడికి వరం. కానీ మ్యాగజైన్ చంక దగ్గర ఉంటుంది, బోర్లా పడుకుని మార్చడం అలవాటు కావాలి. ఖాళీ కేసు చెంప పక్కనే ఎగురుతుంది, ఎడమచేతి వాటం ఉన్నవాడికి రైఫిల్ భాగాలు మార్చి ఇవ్వాలి. ఏకే-203 ఇంకో దారి పట్టింది, మడిచే బట్, దాని పొడవు జవాను చేతులకి తగ్గట్టు సర్దుకోవచ్చు. జాకెట్ వేసుకున్నప్పుడు బట్ పొట్టిగా కావాలి, ఉత్త యూనిఫాం మీద పొడవుగా. చిన్న విషయంలా కనిపిస్తుంది, ఫైరింగ్‌లో గ్రూపింగ్ (తూటాలు ఎంత దగ్గర దగ్గరగా పడ్డాయన్నది) మీద దాని ప్రభావం వెంటనే కనిపిస్తుంది.

మ్యాగజైన్ ఎలా ఎక్కుతుందో కూడా చూడండి. ఏకేలో ముందు అంచుని తగిలించి వెనక్కి ఊపాలి, సిగ్‌లో నేరుగా పైకి తోస్తే చాలు. చీకట్లో, చలికి మొద్దుబారిన వేళ్లతో ఈ తేడా తెలుస్తుంది.

పిస్టల్‌ని రైఫిల్‌తో పోల్చకండి

పిస్టల్ గురించి సినిమాలు పాడుచేసినంతగా ఇంకెవరూ పాడుచేయలేదు. యాభై మీటర్ల దూరంలో పరుగెత్తేవాడిని ఒంటిచేత్తో కొట్టడం తెర మీదే చూస్తాం. ఎందుకో లెక్కలో చూద్దాం. గురి పెట్టడమంటే వెనక సైటు గాడిలోంచి ముందు సైటు మొనని చూసి లక్ష్యంతో కలపడం. మన 9 ఎంఎం పిస్టల్‌లో ఆ రెండు సైట్ల మధ్య దూరం 16 సెంటీమీటర్లు, ఏకేలో 38 దగ్గర. ముందు సైటు ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగిందనుకోండి. 50 మీటర్ల దగ్గర పిస్టల్ తూటా 31 సెంటీమీటర్లు పక్కకి పోతుంది, ఏకేది 13. అదే పిస్టల్ 10 మీటర్ల దగ్గర 6 సెంటీమీటర్లే తప్పుతుంది. పైగా రైఫిల్‌ని భుజం, చెంప, రెండు చేతులు కలిసి పట్టుకుంటాయి. పిస్టల్‌ని పట్టుకునేవి మణికట్లే, అవి వణుకుతాయి, టెన్షన్‌లో ఇంకా వణుకుతాయి. అందుకే దాని అసలు పని పాతిక మీటర్ల లోపు.

మరి ఎందుకు మోస్తారు? నడుముకి కట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. పైలట్, ఇరుకు బండిలో కూర్చునేవాడు, వీళ్లకి రైఫిల్ అడ్డం. గదిలోకి చొరబడ్డ కమాండోకి చేతిలోని ఆయుధం ఆగిపోతే, మ్యాగజైన్ మార్చడం కంటే పిస్టల్ తీయడం త్వరగా అవుతుంది. ఆపరేషన్‌కి వెళ్లే ఇన్‌ఫాంట్రీ ఆఫీసర్ తన జవాన్లలాగే రైఫిల్ పట్టుకుంటాడు. ఉత్త పిస్టల్‌తో వెళ్తే ఆఫీసరెవరో శత్రువుకి దూరం నుంచే తెలిసిపోతుంది.

పిస్టల్‌ని పిస్టల్‌తో పోల్చేటప్పుడు ప్రశ్నలు మారతాయి. దూరం, శక్తి పక్కన పెట్టండి, 9 ఎంఎం పిస్టళ్లన్నిటిలో అవి ఇంచుమించు ఒకటే. తీయగానే పేల్చడానికి ఎన్ని పనులు చేయాలి, కింద పడితే పేలుతుందా, ఎంత ట్రైనింగ్ కావాలి, ఇవి చూడాలి. మన ఇషాపూర్ పిస్టల్ ఆటో 9 ఎంఎం 1ఎ అసలు బ్రౌనింగ్ హై పవర్. జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టి 1926లో చనిపోతే, బెల్జియంలో ద్యూడొనే సేవ్ పూర్తిచేశాడు, 1935లో వచ్చింది. మిగతా పిస్టళ్లలో ఏడో ఎనిమిదో తూటాలున్న కాలంలో దీని మ్యాగజైన్‌లో 13. నిండా ఉక్కు, ఖాళీగానే 900 గ్రాముల దగ్గర. హ్యామర్ (పేల్చే చిన్న సుత్తి) ముందే వెనక్కి లాగి ఉండాలి, సేఫ్టీని బొటనవేలితో దించాలి. ఇంకో విశేషం: మ్యాగజైన్ తీసేస్తే ట్రిగ్గర్ పనిచేయదు. మ్యాగజైన్ తీశాం కదా అని చాంబర్‌లో మిగిలిన తూటా మర్చిపోయేవాళ్లని ఇది కాపాడుతుంది. మ్యాగజైన్ మార్చే ఆ రెండు క్షణాల్లో శత్రువు ఎదురైతే మాత్రం చాంబర్‌లో తూటా ఉండి కూడా ఉపయోగం లేదు. కాపలా డ్యూటీకి ఆ ఏర్పాటు నచ్చుతుంది, కమాండోకి నచ్చదు. నా మట్టుకు, రోజూ వందమంది చేతులు మారే ఆయుధానికి అది ఉండాలనే అంటాను.

గ్లాక్ 17 ఆస్ట్రియా సైన్యం కోసం 1980ల మొదట్లో వచ్చింది. ఫ్రేమ్ పాలిమర్, ఖాళీ బరువు 630 గ్రాముల లోపు, 17 తూటాలు. బొటనవేలితో దించే సేఫ్టీ లేదు, ట్రిగ్గర్ మీదే చిన్న మీట ఉంది, వేలు సరిగ్గా పెట్టి నొక్కితేనే పేలుతుంది. చేయాల్సిన పని ఒక్కటే, అందుకే భయంలో కూడా చేయి తడబడదు. కానీ వేలు క్రమశిక్షణ లేనివాడి చేతిలో అదే ప్రమాదం.

రైఫిల్‌కీ పిస్టల్‌కీ నడుమ ఇంకో జాతి ఉంది: పిస్టల్ తూటానే పేల్చి, బట్‌తో భుజానికి ఆనేవి. కాన్పూర్‌లో చేసిన స్టెర్లింగ్ కార్బైన్ ఇలాంటిదే, మ్యాగజైన్ ఎడమపక్కకి పొడుచుకొచ్చి ఉంటుంది, చాలా సాదా యంత్రం. మనవాళ్లు గర్వపడాల్సింది అస్మి గురించి. డీఆర్‌డీవోతో కలిసి ఒక ఆర్మీ అధికారి రూపొందించిన ఈ 9 ఎంఎం మెషీన్ పిస్టల్‌ని హైదరాబాద్‌లోని లోకేష్ మెషీన్స్ తయారుచేస్తోంది. 2024లో సైన్యం నార్తర్న్ కమాండ్ 550 తీసుకుంది. బరువు రెండున్నర కిలోల లోపే. దీన్ని ఏకేతో పోల్చి "శక్తి నాలుగో వంతే" అని తీసిపారేయకండి. ఇరుకు గదిలో, బండి లోపల, మనిషిని పది అడుగుల్లో ఎదుర్కొనే పనికి వచ్చింది అది. తూటా గోడల్లోంచి అవతలికి దూసుకుపోయి అమాయకుడికి తగిలే భయం కూడా రైఫిల్‌తో పోలిస్తే తక్కువ.

ఆయుధం చేతికి దొరికినప్పుడు

కాగితం మీద పోలిక అయ్యాక, ఆర్మీ వాళ్లు పెట్టే "నో యువర్ ఆర్మీ" మేళా మీ జిల్లాకి వస్తే తప్పకుండా వెళ్లండి. టేబుల్ మీద రైఫిళ్లు పెట్టి జవాన్లు నిలబడి ఉంటారు, అడిగితే ఓపికగా చెప్తారు. ఎన్‌సీసీలో ఉంటే .22 రైఫిల్ ఫైరింగ్ ఒక్కటి కూడా మానకండి, సైట్ల లెక్క ఒంటికి పట్టేది అక్కడే. పైన చెప్పిన సైనిక రైఫిళ్లు, పిస్టళ్లు మామూలు పౌరులకి లైసెన్సు దొరికే ఆయుధాలు కావు, కాబట్టి చేత్తో పట్టుకునే అవకాశం ఇలాంటి చోట్లే వస్తుంది.

మేళాలో సెల్ఫీ కంటే ముందు ఇవి చూడండి. రైఫిల్‌ని భుజానికి ఆనించి మనసులో అరవై లెక్కపెట్టండి. బరువు మొత్తం ఎంతన్నది కాదు, ముందుకి వాలుతోందా, చేతుల మధ్య నిలుస్తోందా అన్నది తెలుస్తుంది. పట్టు వదలకుండా బొటనవేలికి ఛేంజ్ లీవర్ (సేఫ్టీ నుంచి ఫైరింగ్‌కి మార్చే మీట) అందుతోందా? ఏకేలో అది కుడివైపు పెద్ద రేకులా ఉంటుంది, సిగ్‌లో ఎడమవైపు బొటనవేలి కిందే. కాకింగ్ హ్యాండిల్ (బోల్టుని వెనక్కి లాగే పిడి) ఏ పక్క? ఇన్సాస్‌కి ఎడమ పక్కన, కాబట్టి కుడి చేయి ట్రిగ్గర్ దగ్గరే ఉంటుంది. ఏకేకి కుడి పక్కన. చెంప బట్ మీద ఆనగానే కన్ను సైటు వరుసలోకి వస్తోందా, మెడ సాచాల్సి వస్తోందా? మీ కొలతలకి తగినట్టు బట్ సర్దమని అడిగి మళ్లీ చూడండి. ఇవన్నీ ఆ పేజీలోనే, మొదట రాసిన మూడు సంగతుల కింద రాసుకోండి.

చేతికి తీసుకునే ముందు ఆయుధం ఖాళీ అని చూపించమనండి. వాళ్లు మ్యాగజైన్ తీసి, బోల్టు వెనక్కి లాగి చాంబర్ చూపిస్తారు. అడిగారని ఏ జవానూ ఏమీ అనుకోడు, మేం ఒకరి నుంచి ఒకరం తీసుకున్నా అలాగే చేస్తాం. చూశాక కూడా మజల్ మనుషుల వైపు తిప్పకండి, వేలు ట్రిగ్గర్ మీద పెట్టకండి.